చేతిపనులు అమ్మేవాళ్ళు బిజినెస్ ప్లాన్ ఎట్ల రాసుకోవాల: నోట్‌బుక్ నుంచి బ్యాంకు దాకా

"అక్కా, సరుకు బాగానే పోతా ఉంది, కానీ నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలట్లే, ఏంది కథ?" ఈ ప్రశ్న నన్ను శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు అడిగినారు, పలమనేరులో మట్టి బొమ్మలు చేసేవాళ్ళు అడిగినారు, మాధవమాలలో చెక్కపని చేసే అన్న ఒకరు అడిగినారు, తిరుపతిలో ఇంట్లో కూర్చోని జ్యూట్ బ్యాగులు కుట్టే అమ్మాయిలైతే వారానికి ఒకరన్నా అడుగుతారు. విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట వరసగా రాస్తే అందరికీ పనికొస్తదని కూర్చున్నా.

బిజినెస్ ప్లాన్ అంటే బ్యాంకోళ్ళకి ఇచ్చే ఫైలు అని చాలామంది అనుకుంటారు. లోన్ అక్కర్లేనోళ్ళకి కూడా అది కావాల, ఎందుకంటే మీ చేతుల కూలి మీ ధరలో ఉందా లేదా అనేది రాసుకుంటే తప్ప తెలీదు. కింద చెప్పిన వరసలోనే చెయ్యండి. ఖర్చు లెక్క కాకముందే ధర పెట్టొద్దు, అమ్మకాల క్యాలెండర్ కాకముందే లోన్ అడగొద్దు.

## 1. రాసేముందు: 15 రోజులు ఊరికే గమనించండి

మొదటి రోజే ప్లాన్ రాయడానికి కూర్చుంటే అన్నీ అంచనాలే రాస్తారు. మనకి మన పని ఎంతసేపు పడతదో నిజంగా తెలీదు. నాతో కలిసి కలంకారీ సంచులు చేసే మా వదిన "బ్యాగు మీద నెమలి వెయ్యడానికి గంట" అనేది, గడియారం పెట్టి చూస్తే రెండున్నర గంటలు. మధ్యలో పాలు కాంచడం, పిల్లోడికి అన్నం పెట్టడం తీసేసి లెక్కేసినా అంతే.

ఇవి దగ్గర పెట్టుకోండి:

☐ ఒక లాంగ్ నోట్‌బుక్, దీంట్లో ఇంటి పాల లెక్కలు రాయొద్దు
☐ పోయిన మూడు నెలల సరుకు బిల్లులు, బిల్లు లేనివి గుర్తున్నంత వరకు
☐ ఫోన్‌పే, గూగుల్‌పే హిస్టరీ
☐ టేపు, వంటింటి తూకం మిషన్
☐ గోడ గడియారం లేదా ఫోన్ టైమర్

15 రోజులు మూడు విషయాలు రాయండి చాలు. ఏ ముక్క ఎన్ని గంటలు తీసుకుంది, ఏం కొన్నారు, ఎవరు ఏం కొన్నారు. కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఏం అడిగినారో కూడా రాయండి, "దీంట్లో చిన్నది లేదా" అని పదిమంది అడిగినారంటే అది చాలా విలువైన సమాచారం.

గంటలు రాసేటప్పుడు రెండు కాలమ్‌లు గీయండి. ఒకటి చేతి గంటలు, రెండోది ఎదురుచూసే రోజులు. కలంకారీలో కసిమి (ఇనుము, బెల్లం నానబెట్టి చేసే నల్ల రంగు) పులియడానికి వారాలు పడతది, కరక్కాయ పాలల్లో ముంచిన గుడ్డ ఎండాల, పటిక పూసినాక ఆగాల, ఉతకాల. మట్టిపనిలో ముక్క నీడన ఆరాల, తర్వాత కాల్చాల. ఈ ఎదురుచూసే రోజులకి కూలి వెయ్యం, కానీ కస్టమర్‌కి డెలివరీ తేదీ చెప్పేటప్పుడు ఇవే ముఖ్యం. రెండూ కలిపేసి రాస్తే ధరా తప్పు, తేదీ తప్పు.

## 2. మొదటి పేజీ: ఏం అమ్ముతున్నాం, ఎవరికి

అర పేజీ చాలు. "అన్నీ చేస్తాం అక్కా, ఏది అడిగితే అది" అని రాయొద్దు. మీ దగ్గర ఇరవై రకాలుంటే ఎక్కువ అమ్ముడయ్యే ఐదు రాయండి.

ఎవరికి అనేదానికి మాత్రం కాస్త ఆలోచించాల. మన తిరుపతిలో జనానికి కొదవ లేదు, అదే మనల్ని మోసం చేస్తది. కొండకి వచ్చే యాత్రికుడి చేతిలో అప్పటికే లడ్డూ కవర్లు, సామాను, పిల్లలు ఉంటారు, రైలో బస్సో ఎక్కాల. వాళ్ళకి పగలనిది, బరువు లేనిది, సంచిలో పట్టేది, అక్కడికక్కడ ఆలోచించకుండా కొనేసే ధరలో ఉండేది కావాల. అదే యాత్రికుడికి నాలుగడుగుల కలంకారీ పటం చూపిస్తే ముచ్చటపడి ఫోటో తీసుకోని పోతాడు. ఆ పటం కొనేది కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు, హోటలోళ్ళు, చెన్నై బెంగళూరులో బొటీక్ నడిపేవాళ్ళు.

కాబట్టి ఒక్కో వస్తువు ఎదురుగా ఒక్కో మనిషిని రాయండి. యాత్రికుడు, పెళ్ళి రిటర్న్ గిఫ్ట్ కొనేవాళ్ళు, ఇంటి అలంకరణకి కొనేవాళ్ళు, మళ్ళీ అమ్ముకునే షాపువాళ్ళు. ఒక వస్తువు ఎదురుగా ఏ మనిషీ రాయలేకపోతే ఆ వస్తువు చెయ్యడం కొన్నాళ్ళు ఆపండి, మీకెంత ఇష్టమైనా సరే.

## 3. ఒక్క ముక్కకి అసలు ఖర్చు

మొత్తం ప్లాన్‌లో ప్రాణం ఇదే. ఇది సరిగ్గా చేస్తే మిగతావి కొంచెం అటూఇటూ అయినా నడుస్తది. ఒక కలంకారీ చేతిసంచి తీసుకోని చూపిస్తా. అంకెలు ఉదాహరణకి, మీవి మీరు పెట్టుకోండి.

ముందు సరుకు. గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) 60, లోపలి లైనింగ్ 25, రంగులు కరక్కాయ పాలు పటిక అన్నీ కలిపి 20, జిప్పు దారం పట్టీ 30, ట్యాగు కవరు 10. మొత్తం 145 రూపాయలు.

తర్వాత కూలి. బొమ్మ గీసి రంగులెయ్యడం రెండున్నర గంటలు, కుట్టడం గంట, ఉతకడం ఇస్త్రీ అరగంట, మొత్తం 4 గంటలు. ఇంకొకరి దగ్గర పనికి పోతే రోజుకి ఎంతిస్తారో అదే మీ కూలి. 8 గంటలకి 480 అనుకుంటే గంటకి 60, నాలుగు గంటలకి 240.

తర్వాత కనపడని ఖర్చులు. కరెంటు, కుట్టుమిషన్ రిపేరు, ఫోన్ రీఛార్జి, ఆటో, రూమ్ అద్దె ఉంటే అది. నెలకి 2,400 అయ్యి, ఇద్దరు కలిసి 60 సంచులు చేస్తే ఒక్కోదానికి 40.

ఇప్పటికి 425. దీనిమీద 5 శాతం వేస్టేజీ వెయ్యండి, ఎందుకంటే రంగు పాకుతది, మట్టిబొమ్మకి బట్టీలో చీలిక వస్తది, చెక్కలో ముడి బయటపడతది. అది 21. మొత్తం 446 రూపాయలు.

446 అనేది లాభం కాదు, నష్టం లేకుండా ఉండే గీత. దాని మీద 20 శాతం లాభం అంటే 89, కలిపితే 535. రౌండ్ చేసి 540. ఈ లాభం మీ కూలి కాదు, కూలి అప్పుడే పడిపోయింది. ఇది కొత్త మిషన్‌కి, సరుకు ముందే కొనిపెట్టడానికి, పని లేని నెలకి.

మేము ఇదే సంచి చాలాకాలం 350కి అమ్మినాం. సరుకు 145 పోను 205 మిగిలిందని సంతోషం. పై లెక్క ప్రకారం కనపడని ఖర్చు 40, వేస్టేజీ 21 తీస్తే మిగిలేది 144, దాన్ని నాలుగు గంటలకి పంచితే గంటకి 36 రూపాయలు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న పనికి మా వదిన చెయ్యి గంటకి 36 సంపాదిస్తా ఉన్నిందని ఆ రోజు రాత్రి నోట్‌బుక్‌లో చూసినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. అందుకే ఈ పేజీ దగ్గర ఎవర్నీ వదిలిపెట్టను.

చెక్ చేసుకోండి:

☐ ఇంట్లోవాళ్ళ కూలి కూడా వేసినారా, అత్త, కూతురు చేసిన గంటలతో సహా
☐ సరుకు తేవడానికి పోయిన ఆటో, బస్సు ఛార్జీ వేసినారా
☐ చెడిపోయినవాటి ఖర్చు మంచివాటి మీద పడిందా
☐ ఫోటోలు తియ్యడం, వాట్సాప్‌లో జవాబులివ్వడం కూడా గంటల్లోకి వచ్చినాయా

## 4. ధర పెట్టడం

రెండు ధరలు కావాల, హోల్‌సేల్ ఒకటి, రిటైల్ ఒకటి. హోల్‌సేల్ పైన వచ్చిన 540. అంతకంటే కిందికి ఎవరడిగినా ఇవ్వొద్దు.

రిటైల్ ధర షాపు కమీషన్ నుంచి లెక్కెయ్యాల. షాపు 30 శాతం తీసుకుంటే మీకొచ్చేది 70 శాతం, ఆ 70 శాతం 540 అవ్వాలంటే 540ని 0.7తో భాగించాల, 771 వస్తది, 780 పెట్టుకోండి. చాలామంది ఇక్కడ 540కి 30 శాతం కలిపి 702 అంటారు. 702లో షాపు 30 శాతం తీసుకుంటే మీకు 491 మాత్రమే వస్తది.

రిటైల్ ధర అన్నిచోట్లా ఒకటే ఉండాల. షాపులో 780 పెట్టి ఇంటికొచ్చినవాళ్ళకి 550కి ఇస్తే షాపాయనకి ఒకరోజు తెలుస్తది, ఇక మీ సరుకు పెట్టుకోడు. నేరుగా అమ్మినప్పుడు ఎక్కువొచ్చే డబ్బు స్టాల్ అద్దెకి, ప్యాకింగ్‌కి, మీరు నిలబడిన గంటలకి.

"780 అంటే ఎవరు కొంటారక్కా" అంటారు, న్యాయమైన ప్రశ్నే. జవాబు కూలి తగ్గించుకోవడం మాత్రం కాదు, పని తగ్గించడం. సంచి మొత్తం బొమ్మ వెయ్యకుండా జేబు మీద ఒక్కటే చిన్న నెమలి వేస్తే 4 గంటల పని 2 గంటలకి వస్తది. కూలి 120, మొత్తం ఖర్చు 320, లాభంతో 384, షాపు రిటైల్ 550. రెండూ పక్కపక్కన పెట్టండి. మా దగ్గర 550ది ఎక్కువ పోతది, దాన్ని చూడ్డానికొచ్చినవాళ్ళలో కొందరు 780ది తీసుకుంటారు.

ఇంకొకటి. మెషిన్ ప్రింటు గుడ్డ మీద కలంకారీ డిజైన్ అచ్చేసి చవగ్గా అమ్ముతా ఉంటే దాంతో పోటీకి దిగొద్దు, గెలవలేరు. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి ప్రత్యేకమైన సరుకు అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు) ఉంది, కలంతో చేత్తో వేసేదానికి వచ్చిన గుర్తింపు అది. ట్యాగు మీద "కలంతో చేత్తో వేసింది, సహజ రంగులు" అని రాయండి, ఎట్ల ఉతకాలో రాయండి, వేసినవాళ్ళ పేరు రాయండి. తేడా చెప్తేనే ధరకి అర్థం ఉంటది.

## 5. అమ్మకాల క్యాలెండర్, వానల క్యాలెండర్

బయట దొరికే ప్లాన్ నమూనాల్లో ఇది ఉండదు, మన ఊరికి ఇదే ముఖ్యం. ఒక పేజీలో 12 గళ్ళు గీసి, పైన గిరాకీ, కింద ఎండా వానా రాయండి.

మా పేజీ ఇట్లుంటది. జనవరిలో సంక్రాంతి, అటూఇటూ వైకుంఠ ఏకాదశి రద్దీ. మాఘంలో శివరాత్రికి శ్రీకాళహస్తి నిండిపోతది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా స్కూలు సెలవుల యాత్రికులు, పెళ్ళిళ్ళు, మే నెలలో గంగ జాతర. ఆషాఢంలో పెళ్ళి ఆర్డర్లు ఆగిపోతాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి తాంబూలం సంచులు, చిన్న గిఫ్టులు. సెప్టెంబరు అక్టోబరులో బ్రహ్మోత్సవాలు, దసరా, బొమ్మల కొలువు. మన పక్క తమిళ ప్రభావంతో కొలువు దసరాకే పెడతారు, చెన్నై వేలూరు నుంచి కూడా కొంటారు, చెక్కబొమ్మలకి మట్టిబొమ్మలకి ఇదే పెద్ద సీజన్. తర్వాత కార్తీక మాసం ప్రమిదలు, తిరుచానూరు బ్రహ్మోత్సవాలు, అయ్యప్ప మాల సీజన్.

ఇప్పుడు కింద గడి చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. అంటే గిరాకీ ఎక్కువుండే నెలల్లోనే గుడ్డ ఎండదు, మట్టి ఆరదు, బట్టీ పెట్టలేం. ఎండ కాసే వేసవిలో సరుకు బ్రహ్మాండంగా ఎండుతది, కానీ ఆ ఎండలకి స్వర్ణముఖి నదిలో నీళ్ళుండవు, కలంకారీ ఉతకడానికి నీళ్ళకి వేరే దారి చూడాల, దాని ఖర్చు కూడా లెక్కలోకి రావాల.

దీన్నుంచి వచ్చే నిర్ణయం ఏందంటే, వానల్లో అమ్మేది వానలకి ముందే చేసి పెట్టాల. మా రూలు: కార్తీకం దాకా అమ్మే సరుకు సెప్టెంబరు 15 లోపల రంగులు, ఉతకడం అయిపోవాల, వానల్లో కుట్టుపని, ప్యాకింగ్ మాత్రమే. ఆషాఢం ఖాళీ నెల కాదు, సరుకు చేసుకునే నెల.

ఈ పేజీ లేనప్పుడు ఏమైందో చెప్తా. ఒక నవంబరులో పెళ్ళికి 200 చిన్న బటువాలు ఒప్పుకున్నాం, ఒక్కోటి గంట పని, 200 గంటలు, నెల టైముంది కదా అని. వాన పట్టుకునింది, ఐదు రోజులు గుడ్డ ఎండలేదు, మిగిలిన రోజుల్లో పూర్తి కాదని బయట టైలర్లకి ఇచ్చినాం, వాళ్ళకి డబ్బులిచ్చినాక మా ఇద్దరి కూలికి ఏమీ మిగల్లేదు. సరుకు టైముకి ఇచ్చినాం, మాట నిలబెట్టుకున్నాం, కానీ ఆ నెల చిట్టీ కట్టడానికి అప్పు చేసినాం. క్యాలెండర్ ఉండుంటే సెప్టెంబరులోనే గుడ్డ రెడీ చేసి పెట్టుకోనుంటాం, లేదా డెలివరీ తేదీ ఒప్పుకోకుండా ఉంటాం.

## 6. ఎక్కడ అమ్మాల

ఒక్కచోటే ఆధారపడొద్దు, ఆరుచోట్లా పరిగెత్తొద్దు. రెండో మూడో ఎంచుకోండి.

స్టాల్. తిరుచానూరు రోడ్డులో శిల్పారామం ఉంది, డ్వాక్రా మహిళలకి సరస్ మేళాలు ఉంటాయి, స్కూలు కాలేజీ ఫెస్టులు ఉంటాయి. పోయేముందు ఒక లెక్క చెయ్యండి. మూడు రోజులకి అద్దె 3,000, ఆటో 600, తిండి 900 అయితే 4,500. సంచి 780కి అమ్మితే ఖర్చు 446 పోను 334. 4,500ని 334తో భాగిస్తే 14 సంచులు. పద్నాలుగు అమ్మేదాకా మీరు స్టాల్ కోసమే పనిచేస్తా ఉన్నారు, మీ లాభం పదిహేనో సంచి నుంచి మొదలు. అన్ని అమ్ముతామా అనే ప్రశ్నకి నమ్మకంగా జవాబు లేకపోతే ఆ స్టాల్ వదిలేయండి.

షాపులు. ప్రభుత్వ లేపాక్షి ఎంపోరియంలు ఉన్నాయి, ప్రైవేటు షాపులున్నాయి. రెండు పద్ధతులు ఉంటాయి, డబ్బిచ్చి కొనుక్కోవడం, లేదా పెట్టుకోని అమ్ముడయినాక ఇవ్వడం. రెండోదైతే కాగితం మీద రాయించుకోండి: ఎన్ని ముక్కలు, ఏ ధర, కమీషన్ ఎంత, ఏ తేదీకి డబ్బు, పాడైతే ఎవరిది బాధ్యత. ఒక షాపులో నేను 40 సంచులు నోటిమాట మీద పెట్టినా. ఆరు నెలల తర్వాత పోతే 11 అమ్మినామన్నారు, మిగిలినవి ఎండకి రంగు వెలిసి తిరిగొచ్చినాయి. అప్పటినుంచి పదికి మించి పెట్టను, నెలకొకసారి పోయి లెక్క చూస్తా.

ఫోన్. వాట్సాప్ కేటలాగ్, ఇన్‌స్టాగ్రామ్ చాలు మొదట్లో. ఫోటో పగటి వెలుతురులో తియ్యండి, పక్కన చెయ్యి పెట్టి ఒక ఫోటో తీస్తే సైజు తెలుస్తది. కొరియర్‌లో జాగ్రత్త, చాలా కంపెనీలు అసలు బరువు, డబ్బా సైజు మీద లెక్కేసిన బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బులు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 30, 25, 10 డబ్బా అంటే ఒకటిన్నర కిలో, లోపల బుట్ట 300 గ్రాములే ఉన్నా. ధర చెప్పేముందే డబ్బా కొలవండి, పోస్టాఫీసు రేటు కూడా అడిగి రాసుకోండి.

## 7. చేతిలో డబ్బు ఎప్పుడు ఉంటది, ఎప్పుడు ఉండదు

లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. లాభంలో ఉండి కూడా గుడ్డ కొనడానికి డబ్బుల్లేని నెల వస్తది.

క్యాలెండర్ పేజీ పక్కనే ఇంకో పేజీ తీసుకోండి. ప్రతి నెలకి నాలుగు గళ్ళు: నెల మొదట్లో ఎంతుంది, ఎంతొస్తది, ఎంతపోతది, చివర ఎంత మిగులుతది. వచ్చేది అమ్మిన నెలలో రాయొద్దు, డబ్బు చేతికొచ్చే నెలలో రాయండి. షాపు రెండు నెలలకి ఇస్తే రెండు నెలల తర్వాత గడిలోనే రాయాల.

మా పేజీలో జూలై ఆగస్టు గళ్ళు ఎర్రగా ఉంటాయి, దసరాకి సరుకు కొంటాం, అమ్మకాలు తక్కువ. ఇది ముందే తెలిస్తే మే నెల పెళ్ళి డబ్బుల్లోంచి పక్కన పెట్టొచ్చు. తెలీకపోతే మూడు రూపాయల వడ్డీకి పోతాం.

పెద్ద ఆర్డరొస్తే అడ్వాన్సు లేకుండా ఒప్పుకోవద్దు. 200 సంచులంటే సరుకే 29,000. అది నూటికి మూడు వడ్డీకి తెస్తే నెలకి 870 వడ్డీ, మీ లాభంలోంచి పోతది. సగం అడ్వాన్సు అడగండి, మొహమాటపడొద్దు, పెళ్ళి హాలుకి వాళ్ళు అడ్వాన్సు కట్టే ఉంటారు. గంటలు కూడా చూడండి. 200ని 4తో గుణిస్తే 800 గంటలు, ఇద్దరు కలిసి రోజుకి 8 గంటలు చేస్తే వంద రోజులు. నెలలో కావాలంటే జేబు మీద బొమ్మ ఉండే రకం చూపించండి, లేదా ఇంకొకరికి పని పంచండి, ఆ రెండూ కుదరకపోతే కాదనండి.

ఇల్లు, వ్యాపారం ఒకే అకౌంట్‌లో ఉంటే ఈ పేజీ ఎప్పటికీ తేలదు. ఇంకో సేవింగ్స్ అకౌంట్ తెరిచి క్యూఆర్ కోడ్ దానికి మార్చండి, మీ కూలి నెలకొకసారి ఇంటి అకౌంట్‌కి పంపండి.

## 8. కాగితాలు

☐ ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు. ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, పూర్తిగా ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.
☐ చేతివృత్తివాళ్ళకి కేంద్రం ఇచ్చే పెహచాన్ కార్డు. మేళాలకి, స్కీములకి అడుగుతారు.
☐ జీఎస్టీ. మన రాష్ట్రంలో వస్తువులు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్. ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లో అమ్మాలన్నా, పక్క రాష్ట్రానికి పంపాలన్నా వేరే నిబంధనలున్నాయి, మొదలుపెట్టేముందే ఆడిటర్‌ని ఒకసారి కలవండి.
☐ చెక్కపనివాళ్ళు చెక్క కొన్న ప్రతి బిల్లూ దాచాల. ఎర్రచందనం అయితే అనుమతి కాగితాలు లేని ముక్క ముట్టుకోవద్దు, "చిన్న ముక్కే కదా" అని ఎవరిచ్చినా సరే. విదేశాలకి పంపడం మీద అంతర్జాతీయ ఆంక్షలు కూడా ఉన్నాయి.

## 9. బ్యాంకుకి పోయేటప్పుడు

ఇప్పటిదాకా రాసిందాంట్లోంచి రెండు పేజీలు శుభ్రంగా ఎత్తి రాయండి. మొదటి పేజీలో ఏం చేస్తాం, ఎవరికి అమ్ముతాం, ఒక ముక్క ఖర్చు, ధర, పోయిన ఆరు నెలల అమ్మకాలు. రెండో పేజీలో ఎంత కావాల, దేనికి, ఏ నెలలో వాడతాం, ఎట్ల తీరుస్తాం. "వ్యాపార అభివృద్ధికి" అని రాయకండి, "రెండో కుట్టుమిషన్, దసరా సరుకుకి గుడ్డ" అని రాయండి.

చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన ముద్ర లోన్‌లో శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, పూచీ అక్కర్లేదు. చేతివృత్తులవాళ్ళకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ స్కీము 2023 సెప్టెంబరు 17న మొదలైంది, 18 వృత్తులకి, కుమ్మరులు, వడ్రంగులు, శిల్పులు, బొమ్మలు చేసేవాళ్ళు, బుట్టలు చాపలు అల్లేవాళ్ళు, దర్జీలు ఉన్నారు దాంట్లో. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, 18 నెలల్లో తీర్చాల, తర్వాత రెండు లక్షలు, 30 నెలలు. పనిముట్లకి 15,000 దాకా వస్తది. ఇంట్లో ఒక్కరికే. ముద్ర లాంటి లోన్ ఐదేళ్ళలోపు తీసుకోని ఇంకా తీర్చకపోతే ఇది రాదు, కాబట్టి ఏది ముందు తీసుకోవాలో ఆలోచించుకోని పోండి. డ్వాక్రా గ్రూపులో ఉన్నవాళ్ళు గ్రూపు లోన్ సంగతి కూడా అడగండి.

ఎంత ఇస్తారు అనేది తర్వాత, ఎంత కట్టగలం అనేది ముందు. ఈఎంఐని సంచుల్లోకి మార్చండి. లక్షకి 5 శాతంతో 18 నెలలంటే నెలకి దాదాపు 5,780. హోల్‌సేల్‌లో ఒక్కో సంచికి లాభం 540లోంచి 446 పోను 94. అంటే ఈఎంఐకే 62 సంచులు, మేము చేసేదే 60. లోన్‌తో కొన్న మిషన్ వల్ల 90 చేస్తామా, లేదా సగం నేరుగా 780కి అమ్మగలమా, ఈ రెండిట్లో ఒకదానికి అవును అని రుజువు ఉంటేనే సంతకం పెట్టాల. లేదంటే కూలి డబ్బుల్లోంచి కట్టాల్సి వస్తది. మేము అప్పుడు 50,000 మాత్రమే అడిగినాం. 12 శాతం వడ్డీతో మూడేళ్ళకి లెక్కేస్తే నెలకి 1,660, అంటే 18 సంచులు. ఆ 18 సంచులు మాకు ధైర్యంగా కనిపించినాయి.

## 10. ఎక్కువమంది చేసే తప్పులు, సరిచేసుకునే దారి

పక్క షాపు ధర చూసి ధర పెట్టడం. వాళ్ళ గుడ్డ వేరు, కూలి వేరు. మీ 446 మీరు కనుక్కోని, ఆ తర్వాత పక్క ధర చూడండి.

చుట్టాలకి ఊరికే ఇవ్వడం. ఇవ్వండి, కానీ నోట్‌బుక్‌లో "గిఫ్టు, 446" అని రాయండి. ఏడాదికి ఎన్ని గిఫ్టులు పోయినాయో చూసి తర్వాతి ఏడాదికి ఒక సంఖ్య పెట్టుకోండి.

సరుకు ధర పెరిగినా పాత ధరకే అమ్మడం. గుడ్డ, రంగుల రేట్లు మూడు నెలలకొకసారి ఖర్చు లెక్క పేజీలో దిద్దండి. పాత కస్టమర్లకి ఒక నెల ముందు చెప్పండి, పోయేవాళ్ళు అనుకున్నంతమంది ఉండరు.

ఒకే పెద్ద కస్టమర్. అమ్మకాల్లో సగం కంటే ఎక్కువ ఒకరే కొంటా ఉంటే ఆయన ఆగిన నెల మీరూ ఆగుతారు. ప్రతి నెలా ఒక కొత్త చోట ఐదు ముక్కలైనా పెట్టండి.

ప్లాన్ రాసి బీరువాలో పెట్టడం. దీనికి కింద పదకొండోది.

## 11. నెలకి ఒక గంట

మొదటి ఆదివారం పొద్దున, టిఫిన్ అయినాక, పనిచేసేవాళ్ళందరూ కూర్చోని చూడాల, ఒక్కరే కాదు. మా వదిన చదువుకోలేదు కానీ ఏ నెలలో ఏ రంగు పోయిందో ఆమెకే గుర్తుంటది.

☐ ఏది ఎన్ని అమ్ముడయింది, క్యాలెండర్‌లో అనుకున్నది ఎంత
☐ రావాల్సిన డబ్బు ఎవరి దగ్గర, ఎన్ని రోజులైంది
☐ మూడు నెలలుగా కదలని ముక్క ఏది, దాన్ని ఏం చేద్దాం
☐ వచ్చే రెండు నెలల సరుకు కొనడానికి అకౌంట్‌లో ఉందా
☐ ఒక ముక్కకి గడియారం పెట్టి మళ్ళీ టైము చూడడం
☐ కూలి ఇంటి అకౌంట్‌కి పోయిందా

ఆరోది ఖాళీగా ఉంటే వెంటనే ఖర్చు లెక్క పేజీ తెరవండి, ఏ అంకె మారిందో అక్కడే దొరుకుతది.